వర్ధమాన దేశాల్లో వడ్డీ రేట్లు ధరలను ఎంతవరకు అదుపు చేయగలవు?

వేకువ (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. ద్రవ్యోల్బణం గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే వరుస చాలా సూటిగా ఉంటుంది. కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచుతుంది, అప్పులు ప్రియమవుతాయి, కుటుంబాలు ఖర్చులనూ సంస్థలు పెట్టుబడులనూ తగ్గించుకుంటాయి, గిరాకీ సన్నగిల్లి ధరలు నెమ్మదిస్తాయి. చదువుతున్నకొద్దీ ఈ వరుస సంపన్న దేశాలను చూసి రాసినదేమోననిపిస్తోంది. కుటుంబ ఖర్చులో సగానికి దగ్గరగా ఆహారానికే పోయే చోట, చిన్న రైతులూ చిరువ్యాపారులూ బ్యాంకు గడప తొక్కకుండా వడ్డీ వ్యాపారి దగ్గరే అప్పు తెచ్చుకునే చోట, కేంద్ర బ్యాంకు పెంచిన అర శాతం ధరల దాకా ఏ దారిన చేరుతుంది? వానలు మొహం చాటేసి పంట పోయినప్పుడు వడ్డీ రేటు చేయగలిగిందేమిటి?

ఏమీ చేయలేదనుకుంటే మరో చిక్కు ఉంది. భారత రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీని, 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అదే బ్యాంకు 2023 జూలైలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకినా రేటును కదపలేదు. ఈ రెండు నిర్ణయాలనూ ఒకే తర్కంతో ఎలా అర్థం చేసుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

అర్థసూత్రం

వేకువ గారూ, మీరు చెప్పిన వరుసలో తప్పు లేదు, కాని విధాన రేటు ధరలను చేరే దారుల్లో అది ఒకటి మాత్రమే. బ్యాంకుల రుణ వితరణ, షేర్లు, భూముల వంటి ఆస్తుల విలువలు, మారకం రేటు, రాబోయే ధరల గురించి జనం వేసుకునే అంచనాలు మిగతా దారులు. వర్ధమాన దేశాల్లో వీటిలో కొన్ని చాలా ఇరుకుగా ఉంటాయి. బాండ్ల మార్కెట్లో కొనేవారూ అమ్మేవారూ తక్కువ కాబట్టి, రాత్రికి రాత్రి తీర్చే అప్పుపై మారిన వడ్డీ పదేళ్ల రుణం దాకా సాఫీగా ప్రసరించదు. డిపాజిట్లలో పెద్ద భాగం చట్టప్రకారం ప్రభుత్వ పత్రాల్లోకి వెళ్తుంది. చిన్న మొత్తాల పొదుపు పథకాల వడ్డీని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది గనుక, డిపాజిటర్లు అటు తరలిపోతారనే భయంతో బ్యాంకులు తమ డిపాజిట్ రేటును కూడా తేలికగా తగ్గించలేవు.

పంట రుణాన్నే చూడండి. భారతదేశంలో వడ్డీ రాయితీ పథకం కింద పరిమితికి లోబడిన స్వల్పకాలిక పంట రుణం 7 శాతానికి దొరుకుతుంది, సకాలంలో తీర్చినవారికి అది 4 శాతమే పడుతుంది. రెపో రేటు 4 శాతం ఉన్నప్పుడూ ఆ రైతు కట్టింది 4 శాతమే, 6.5 శాతం ఉన్నప్పుడూ 4 శాతమే. ఇటు వడ్డీ వ్యాపారి రేటు రుణగ్రహీత అవసరాన్ని బట్టి, నమ్మకాన్ని బట్టి నడుస్తుంది తప్ప రెపో రేటును నిర్ణయించే రిజర్వు బ్యాంకు పరపతి విధాన కమిటీ సమావేశాన్ని బట్టి నడవదు. అయితే ఆ రంగానికీ బ్యాంకులకూ సంబంధమే లేదనుకోకూడదు. సరుకు నిల్వ చేసే టోకు వ్యాపారి బ్యాంకు దగ్గర తెచ్చిన సొమ్మునే కింది వ్యాపారులకు అరువు ఇస్తాడు. పైన బిగింపు ఎక్కువైతే కింద అరువు గడువు కుదించుకుపోతుంది. రేటులో కనిపించని మార్పు ఇలా అప్పు లభ్యతలో కనిపిస్తుంది.

రుణవిభాగం

నేను బ్యాంకు రుణ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. విధాన రేటు మారిన రోజుకూ రుణగ్రహీత జేబు మీద ఆ భారం పడే రోజుకూ మధ్య ఏం జరుగుతుందో బయటివారికి అంతగా తెలియదు కనుక కొంచెం వివరంగా రాస్తాను.

2003లో వచ్చిన బీపీఎల్ఆర్ (బెంచ్‌మార్క్ ప్రైమ్ లెండింగ్ రేటు) పద్ధతిలో బ్యాంకు తన ప్రామాణిక రేటును తానే తేల్చుకునేది, దానికంటే తక్కువకు కూడా ఇష్టమైనవారికి అప్పు ఇచ్చేది. 2010 జూలైలో బేస్ రేటు, 2016 ఏప్రిల్లో నిధుల సమీకరణ వ్యయంపై ఆధారపడిన ఎంసీఎల్ఆర్ వచ్చాయి. రెంటిలోనూ లెక్క బ్యాంకు లోపలే జరిగేది కాబట్టి రెపో తగ్గినప్పుడు పాత రుణగ్రహీతకు ఆ తగ్గింపు ఆలస్యంగా, అరకొరగా అందేది. 2019 అక్టోబరు నుంచి కొత్త గృహ, వ్యక్తిగత రుణాలనూ సూక్ష్మ, చిన్న సంస్థల రుణాలనూ రెపో వంటి బయటి ప్రామాణికానికి ముడిపెట్టి, కనీసం మూడు నెలలకొకసారి సవరించాలన్నారు. 2022లో పెంపు వేగంగా ప్రసరించడానికి ఈ మార్పే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

అయినా ఇక్కడ ఒక మెలిక ఉంది. 7 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో లక్ష రూపాయలు తీసుకుంటే నెలవాయిదా సుమారు 775 రూపాయలు. వడ్డీ 8 శాతానికి పెరిగితే వాయిదా పెంచకుండా గడువు పొడిగించడం బ్యాంకులకు అలవాటు. ఆ లెక్కన 240 నెలల్లో తీరవలసిన అప్పు 296 నెలలు పడుతుంది. రుణగ్రహీత నెలసరి ఖర్చులో మాత్రం ఒక్క రూపాయి తేడా ఉండదు, అంటే అతని కొనుగోళ్లు తగ్గవు, గిరాకీ తగ్గదు. వడ్డీ 9.5 శాతానికి చేరేసరికి లక్షపై మొదటి నెల వడ్డీయే 791 రూపాయలు దాటుతుంది. 775 రూపాయల వాయిదా ఆ వడ్డీకే చాలదు, ఇక ఎంతకాలం పొడిగించినా అసలు తరగదు. అప్పుడు వాయిదా పెంచక తప్పదు, గడువు అదే 20 ఏళ్లుగా ఉంచితే అది సుమారు 932 రూపాయలకు చేరుతుంది. తొలి పెంపుల ప్రభావం కనిపించకపోవడం, చివరి పెంపుల తరువాత ఒక్కసారిగా భారం పడడం చాలావరకు ఇందువల్లే. వాయిదా వడ్డీకి కూడా చాలని స్థితి రానివ్వకూడదనీ, వాయిదా పెంచాలా గడువు పెంచాలా అనే ఎంపిక రుణగ్రహీతకు ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది.

తూనిక

రుణవిభాగం గారి లెక్క చాలా విలువైనది, అయితే అది నా అభ్యంతరాన్నే బలపరుస్తోంది. భారం మోసేవారు వాయిదాలు కట్టే ఉద్యోగులూ చిన్న పరిశ్రమల యజమానులూ. ధరలు పెరిగింది మాత్రం వేరే చోట. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న అప్పటి వినియోగదారుల ధరల సూచీలో ఆహార, పానీయాల వాటా 45.86 శాతం. అమెరికా సూచీలో ఆహారం వాటా ఇందులో మూడో వంతు కూడా ఉండదు. 2023 జూలైలో కూరగాయల ధరలు ఏడాది క్రితంకంటే దాదాపు 37 శాతం పెరిగాయి. సూచీలో వాటి వాటా సుమారు 6 శాతం కాబట్టి, ఆ ఒక్క వర్గమే మొత్తం ద్రవ్యోల్బణంలో రెండు శాతం పాయింట్లకు పైగా మోసిందన్నమాట. వడ్డీ రేటు ఎంత పెంచినా పొలంలో కాపు పెరగదు, శీతల గిడ్డంగి లేచి నిలబడదు, దిగుమతి చేసుకునే చమురు చవక కాదు. పైగా నిర్వహణ పెట్టుబడి మొత్తం అప్పుమీదే నడిచే చిన్న సంస్థకు వడ్డీ కూడా ఉత్పత్తి ఖర్చే, ఆ ఖర్చును అది ధరలోనే కలుపుతుంది. సరఫరా దెబ్బతిన్నప్పుడు గిరాకీని కొట్టడం వల్ల ధరల భారంతోపాటు ఉపాధి నష్టాన్ని కూడా పేదల నెత్తిన పెట్టినట్టవుతుంది.

అర్థసూత్రం

తూనిక గారూ, వడ్డీ రేటు కూరగాయల ధరను దించలేదన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఏ కేంద్ర బ్యాంకూ ఆ పని చేయగలనని చెప్పుకోదు. 2023 జూలైలో రెపో రేటును కదపకపోవడానికి కారణం కూడా అదే. కొత్త కాపు రాగానే కూరగాయలు దిగివచ్చాయి, అక్టోబరు నాటికి ద్రవ్యోల్బణం 4.87 శాతానికి తగ్గింది. ఆ మధ్యకాలంలో రేటు పెంచి ఉంటే దాని ప్రభావం గిరాకీకి చేరేసరికి ఏడాదికి పైగా గడిచేది. సమస్య అప్పటికి ఉండేదే కాదు.

కాని ఆహార ధరల పెరుగుదల ఒక్క పంటకాలంతో ఆగకుండా ఏళ్ల తరబడి సాగితే పరిస్థితి వేరు. భారతదేశంలో 2010 నుంచి 2013 వరకు జరిగింది అదే. చిల్లర ద్రవ్యోల్బణం రెండంకెలకు చేరువలో తిష్ఠ వేసింది. ఆహారం ప్రియమైందని వేతనాలు పెంచమన్నారు, వేతనాలు పెరిగాయని సేవల ధరలు పెంచారు, ధరలు ఎలాగూ పెరుగుతాయన్న నమ్మకంతో అద్దె ఒప్పందాలూ సరఫరా ఒప్పందాలూ ముందుగానే పెంపును కలుపుకొని రాసుకున్నారు. బ్యాంకు వడ్డీ ద్రవ్యోల్బణానికంటే తక్కువగా ఉండడంతో కుటుంబాలు డిపాజిట్లు వదిలి బంగారం వైపు మళ్లాయి, దిగుమతుల భారం పెరిగి రూపాయి బలహీనపడింది. మొదటి దెబ్బ సరఫరా నుంచే వచ్చింది, అయితే దాన్ని ఆర్థిక వ్యవస్థ అంతటా పాకించింది సులభ పరపతి. వడ్డీ రేటు అసలు పని ఈ రెండో దశను అడ్డుకోవడమే. రిజర్వు బ్యాంకు నియమించిన ఊర్జిత్ పటేల్ కమిటీ 2014 జనవరిలో ఇచ్చిన నివేదిక టోకు ధరలకు బదులు వినియోగదారుల ధరల సూచీనే లక్ష్యంగా పెట్టుకోమనడంలో అంతరార్థం ఇదే. జనం తమ అంచనాలను కట్టుకునేది తాము చెల్లించే ధరలను చూసి. 2016లో చట్టం సవరించి 4 శాతం లక్ష్యాన్నీ, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటునూ ఖరారు చేశారు.

2022 సంగతి కూడా ఈ కోణం నుంచే చూడాలి. ఆ ఏడాది మొదటి మూడు త్రైమాసికాల్లోనూ సగటు ద్రవ్యోల్బణం 6 శాతం మించింది, చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి వివరణ రాయవలసి వచ్చింది. ఆహారం, ఇంధనం తీసేసి చూసే మూల ద్రవ్యోల్బణం కూడా 6 శాతం చుట్టూనే ఉంది. ధరల వేడి కూరగాయల బుట్ట దాటి సేవలకూ తయారీ వస్తువులకూ పాకిందనడానికి అంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

సరిహద్దు

మారకం రేటు గురించి ఇంకా ఎవరూ రాయలేదు. వర్ధమాన దేశాల్లో విధాన రేటు అన్నింటికంటే వేగంగా పనిచేసే దారి తరచుగా అదే, అన్నింటికంటే ప్రమాదకరమైన దారి కూడా అదే. చమురు, ఎరువులు, యంత్రాలు దిగుమతి చేసుకునే దేశంలో కరెన్సీ పడితే ధరలు వారాల్లో పెరుగుతాయి, గిరాకీ దారిలా సంవత్సరం ఆగవు.

తుర్కియే (టర్కీ) దీనికి కళ్లముందున్న ఉదాహరణ. 2021 సెప్టెంబరులో 19 శాతంగా ఉన్న విధాన రేటును డిసెంబరు నాటికి 14 శాతానికి తగ్గించారు. వడ్డీ తగ్గితే ధరలు తగ్గుతాయన్నది అక్కడి రాజకీయ నాయకత్వం గట్టిగా నమ్మిన వాదం. ఆ ఏడాదిలో లీరా డాలరుతో పోలిస్తే 40 శాతానికి పైగా విలువ కోల్పోయింది. 2022 అక్టోబరులో అధికారిక ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. 2023 జూన్ నుంచి దారి మార్చుకుని 8.5 శాతం నుంచి 2024 మార్చికల్లా 50 శాతానికి రేటు పెంచవలసి వచ్చింది. అంత పెంచినా 2024 మే నెలలో ద్రవ్యోల్బణం 75 శాతం దగ్గర ఉండి, ఆ తరువాతే దిగడం మొదలైంది. తూనిక గారు చెప్పినట్టు వడ్డీ ఖర్చు ధరలో కలుస్తుందన్నది నిజమే, కాని తుర్కియే అనుభవంలో కరెన్సీ పతనం దాన్ని పూర్తిగా మింగేసింది.

మరో విషయం. పెద్ద దేశాల నిర్ణయాలు మన చేతిలో ఉండవు. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తన బాండ్ల కొనుగోలు తగ్గిస్తామని సూచించినంతనే పెట్టుబడులు వర్ధమాన దేశాల నుంచి వెనక్కి మళ్లాయి. మే మొదట్లో డాలరుకు 54 రూపాయల దగ్గరున్న మన కరెన్సీ ఆగస్టు చివరికి 68 దాటింది. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అత్యవసర రుణాలపై వడ్డీని ఒక్కసారిగా 200 బేసిస్ పాయింట్లు (అంటే 2 శాతం పాయింట్లు) పెంచి 10.25 శాతం చేసింది. వృద్ధి మందగిస్తున్న సమయంలో అంత పెంపు దేశీయ అవసరాన్ని బట్టి ఎవరూ కోరుకునేది కాదు.

వేకువ

వివరణలకు కృతజ్ఞతలు. అయితే తుర్కియే విషయంలో నాకు ఒక సందేహం. 50 శాతం వడ్డీ అంటే భయంకరంగా వినిపిస్తుంది, కాని ద్రవ్యోల్బణం 75 శాతం ఉన్నప్పుడు అప్పు తీసుకున్నవాడే లాభపడడం లేదా?

సరిహద్దు

గడిచిన పన్నెండు నెలల లెక్కన చూస్తే లాభపడినట్టే. అయితే అప్పు తీసుకునేవాడు చూడవలసింది రాబోయే పన్నెండు నెలలను. ధరలు నిజంగా దిగుతాయని నమ్మితే 50 శాతం చాలా కఠినమైన రేటు, నమ్మకపోతే చాలా చవక. కేంద్ర బ్యాంకు మాటకు విలువ లేని దేశంలో అదే ఫలితానికి ఎక్కువ వడ్డీ, ఎక్కువ ఉపాధి నష్టం చెల్లించవలసి రావడం ఇందుకే. 2021 మార్చిలో రేటును 19 శాతానికి పెంచిన గవర్నరును రెండు రోజుల్లోనే తొలగించిన తరువాత ఆ దేశంలో ఏ ప్రకటనను ఎవరు నమ్ముతారు?

పరిశీలకుడు

ఇంతసేపూ కేంద్ర బ్యాంకు తన ఇష్టప్రకారం రేటు పెట్టగలదన్న ఊహతోనే అందరూ రాశారు. చాలా దేశాల్లో ఆ స్వేచ్ఛే ఉండదు. ప్రభుత్వం పన్నులు వసూలు చేయలేక, మార్కెట్లో అప్పు పుట్టక, లోటు పూడ్చమని కేంద్ర బ్యాంకునే అడిగితే వడ్డీ రేటు గురించి మాట్లాడడం వృథా. ఒక చేత్తో నోట్లు అచ్చువేస్తూ మరో చేత్తో పరపతి బిగించడం ఎవరివల్లా కాదు.

1985 ఆగస్టులో బొలీవియా ద్రవ్యోల్బణం వేల శాతాల్లో ఉంది. అది వారాల వ్యవధిలో ఆగింది. ప్రభుత్వం తన రాబడికి మించి ఖర్చు చేయడం మానేసి, ఇంధన ధరలు పెంచి ఖజానా నింపుకొని, కరెన్సీ విలువను స్థిరపరచడం వల్లే అది సాధ్యమైంది. జింబాబ్వే 2009లో ఏకంగా తన కరెన్సీనే వదులుకుంది. భారతదేశంలోనూ కేంద్ర ప్రభుత్వ లోటు పెరిగినకొద్దీ అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల ద్వారా రిజర్వు బ్యాంకు దానంతటదే డబ్బు సమకూర్చే ఏర్పాటు దశాబ్దాలపాటు నడిచింది, 1997 ఏప్రిల్లోగాని అది రద్దు కాలేదు. 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లను వేలంలో నేరుగా రిజర్వు బ్యాంకు కొనడాన్నీ నిలిపివేశారు. 2016 నాటి ద్రవ్యోల్బణ లక్ష్యం గురించి అందరూ మాట్లాడతారు కాని, ఈ రెండు అడుగులు ముందు పడకపోతే ఆ లక్ష్యం కాగితం మీదే ఉండిపోయేది.

శ్రీలంకను కూడా గమనించండి. 2019 చివర్లో పన్నులు భారీగా తగ్గించారు, ఆ తరువాతి లోటును కేంద్ర బ్యాంకు పూడ్చింది, విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. 2022 ఏప్రిల్లో ఒకే రోజు 700 బేసిస్ పాయింట్లు పెంచినా సెప్టెంబరుకు ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది. మరుసటి ఏడాది జూలైకి అది ఒక అంకెలోకి దిగింది. అందులో వడ్డీ రేటు పాత్ర ఉంది, కాని పన్నుల పెంపు, అప్పుల చెల్లింపు నిలిపివేత, అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయం లేకుండా అది జరిగేది కాదు. ప్రభుత్వానికి నేరుగా డబ్బు సమకూర్చడాన్ని నిషేధిస్తూ 2023లో వారు కొత్త కేంద్ర బ్యాంకు చట్టం చేసుకున్నారు.

తూనిక

పరిశీలకుడు గారు రాసినదాంతో నాకు విభేదం లేదు. నా ప్రశ్న భారం పంపిణీ గురించి. కేంద్ర బ్యాంకు బిగింపు తప్పనిసరే అనుకుందాం. అప్పుడు చిన్న రుణగ్రహీతలకు వసూలు చేసే వడ్డీపై చట్టబద్ధమైన పరిమితి పెడితే ఆ భారంలో కొంత బ్యాంకులు కూడా మోస్తాయి కదా?

రుణవిభాగం

తూనిక గారూ, మీ ఉద్దేశం న్యాయమైనదే, కాని కెన్యా ఆ మార్గాన్ని ప్రయత్నించి చూసింది. 2016 సెప్టెంబరు నుంచి కేంద్ర బ్యాంకు రేటుకు 4 శాతం పాయింట్లకు మించి వడ్డీ తీసుకోకూడదని చట్టం చేశారు. అంత తక్కువ వడ్డీకి చిన్న సంస్థల రుణాల్లో ఉండే ఎగవేత ప్రమాదం గిట్టదని బ్యాంకులు ప్రభుత్వ బాండ్లు కొనుక్కున్నాయి, చిన్న వ్యాపారులు ఇంకా ఎక్కువ వడ్డీ తీసుకునే చోటికి వెళ్లవలసి వచ్చింది. కేంద్ర బ్యాంకుకు మరో ఇబ్బంది ఎదురైంది. గిరాకీని పెంచుదామని విధాన రేటు తగ్గిస్తే గరిష్ఠ పరిమితి కూడా తగ్గి, బ్యాంకులు అప్పులను మరింత కుదించుకునే ప్రమాదం వచ్చింది. 2019 నవంబరులో ఆ పరిమితిని ఎత్తేశారు. రుణ హామీ నిధి, బకాయిల చరిత్ర నమోదు వంటి వాటితో ఎగవేత ప్రమాదాన్ని తగ్గిస్తేనే చిన్నవారికి వడ్డీ తగ్గుతుందన్నది రోజూ దరఖాస్తులు చూసేవాడిగా నా గట్టి నమ్మకం.

అర్థసూత్రం

భారం తగ్గించుకోవడానికి కేంద్ర బ్యాంకు చేతిలో ఉన్న ఒక మార్గం తొందరగా కదలడం. బ్రెజిల్ 2021 మార్చిలోనే, అంటే ఫెడరల్ రిజర్వ్‌కంటే ఏడాది ముందే, 2 శాతం దగ్గర ఉన్న రేటును పెంచడం మొదలుపెట్టి 2022 ఆగస్టుకు 13.75 శాతానికి చేర్చింది. 2022 ఏప్రిల్లో 12 శాతం దాటిన ద్రవ్యోల్బణం 2023 జూన్‌కు సుమారు 3 శాతానికి వచ్చింది. ఇంధన పన్నుల కోత కూడా ఆ తగ్గుదలకు కొంత కారణం, దాన్ని విస్మరించకూడదు. అయితే పాత అధిక ద్రవ్యోల్బణం జ్ఞాపకాలు ఇంకా చెరగని దేశంలో ధరల పెంపు ఒప్పందాల్లోకి ఎక్కకముందే ఆపగలిగారు.

తూనిక

తొందరగా కదలమంటే, వచ్చింది తాత్కాలిక సరఫరా దెబ్బో, పాకబోయే వ్యాధో తెలియకముందే నిర్ణయం తీసుకోమన్నట్టే కదా. 2023 జూలైలో ఆగడం సరైనదని మూడు నెలల తరువాతే తేలింది. ఆ రోజు సమావేశంలో కూర్చున్నవారికి అది ఎలా తెలియాలి?

అర్థసూత్రం

పూర్తిగా తెలియదు. చూడగలిగినవి కొన్ని ఉన్నాయి: ధర పెరిగిన సరుకు ఎన్ని వారాల్లో మళ్లీ పండుతుంది, మూల ద్రవ్యోల్బణం ఎటు కదులుతోంది, రిజర్వు బ్యాంకు కుటుంబాలతో చేసే సర్వేలో ఏడాది తరువాతి ధరల గురించి జనం ఏమంటున్నారు, కొత్త ఒప్పందాల్లో వేతనాలు ఎంత పెరుగుతున్నాయి. ఆ జూలైలో మూల ద్రవ్యోల్బణం 5 శాతం దగ్గర ఉండి దిగుతూ ఉంది, 250 బేసిస్ పాయింట్ల పాత పెంపు ఇంకా రుణాల్లోకి ప్రవహిస్తూనే ఉంది. 2022లో ఆ రెండూ లేవు. వేకువ గారు మొదట అడిగిన రెండు నిర్ణయాల మధ్య తేడా అక్కడ ఉంది. ఇక అసంఘటిత రంగంలో వేతనాల వివరాలు నెలనెలా, నమ్మదగిన రీతిలో కమిటీ ముందుకు రావడం ఇంకా మెరుగుపడాలి. రెండో దశ ముందుగా కనిపించేది అక్కడే.